ఒంటిచేతి గాలం

ప్రళయజలాలలో వేదాలను కాచిన మత్స్యమూర్తికి మ్రొక్కి, ఇక కథలోనికి వద్దాం.

పాల్వంచ బస్టాండు వెనుక ఉన్న ఫజల్ గాలాల దుకాణానికి ఆ ఉదయం ఒక కొత్త మనిషి వచ్చాడు. భుజం మీది తువ్వాలు అతని కుడిచేతిని కప్పి ఉంది.

"కొర్రమట్టకు, వాలుగకు ఆగే గాలం కావాలె భాయ్. ఒంటి చేత్తోటి ఏసేటట్టుండాలె."

అంటూ తువ్వాలు తొలగించాడు. కుడి అరచేయి లేదు. మణికట్టు దగ్గర చర్మం ముడతలు పడి మూసుకుపోయి ఉంది.

ఫజల్ చూపు అక్కడే నిలిచిపోయింది. కిన్నెరసాని వాగు పొడవునా అరచేయి లేని మగవాడిని ఎవరూ కారణం అడగరు. చేపల కోసం నీళ్ళలోకి మందుగుండు తోటాలు విసిరేవారికి ఏదో ఒకనాడు దక్కే గుర్తు అది. వత్తి పొట్టిదైతే తోటా చేతిలోనే పేలుతుంది.

ఫజల్ తమ్ముడు సాకిబ్‌ను బలిగొన్నది కూడా అటువంటి తోటాయే. నిరుటి వేసవిలో, రాతిమడుగు దగ్గర. అతని గాలం సంచి ముడి విప్పకుండానే గట్టున దొరికింది. పాపం, గాలం తీసేలోపే ఎవడో తోటా వేసి పారిపోయాడని అందరూ అనుకున్నారు. నెత్తుటి చుక్కలు అడవిదారి పట్టాయి. ఆ మనిషి మాత్రం దొరకలేదు. తమ్ముణ్ణి మట్టిలో పెట్టిన నాడే ఫజల్ ఒట్టు పెట్టుకున్నాడు, వాడు ఎప్పటికైనా తన చేతికి చిక్కాలని.

"పేరేంది?"

"రామ్‌సింగ్. ఎగువ తండా."

"చెయ్యి తోటాకేనా పోయింది?"

"అవ్ భాయ్."

"ముట్టించిన తోటా చేతుల పట్టుకోవద్దని తెల్వదా?"

"తెల్సే పట్టుకున్న."

"ఒక్కనివేనా అప్పుడు?"

రామ్‌సింగ్ తల వంచుకున్నాడు. "ఇంకొకడుండె. బతకలే."

ఎంత నిబ్బరంగా చెబుతున్నాడు! ఫజల్ గుండెలో నిప్పు రాజుకుంది. ముఖం మీద మాత్రం దుకాణదారుని నవ్వు చెదరలేదు. గొంతు పిసకడం ఎంతసేపు? కాని నీటి ఒడ్డున రేగిన పగ నీటిలోనే చల్లారాలి.

"గీ పొట్టి కర్ర తీస్కో," అన్నాడు. "పొడుగుది వంగుతది గని తామర తీగల్లకెళ్లి చేపను లేపదు. దారం ఒంటిపోగుది వద్దు, అల్లింది కావాలె. కొర్రమట్ట ఎరను కొట్టంగనే తీగల్ల దూరుతది. సన్న దారమైతే పుటుక్కుమంటది."

"ఎర?"

"గీ రబ్బరు కప్ప. కొక్కేలు వీపుకు ఆనుకొని ఉంటయ్ సూడు, ఆకులకు చిక్కయ్. చేప మింగంగనే గుంజకు. ఒక్క ఊపిరి ఆగు. నోట్లె తిప్పుకోనియ్యి, అప్పుడు గుంజు."

రీలు పిడిని ఎడమవైపుకు మార్చాడు. కర్ర మొదలు నిలబెట్టుకునేందుకు ముందువైపు గిన్నె ఉన్న నడుంపట్టీ తీశాడు. ఎడమచేత్తో దారం ఎలా చుట్టాలో చూపించాడు. ఇంతవరకు చెప్పినదంతా నిజం.

కొన్న ప్రతివాడికీ ఫజల్ చివర రెండు మాటలు చెప్పేవాడు. రీలు బ్రేకు వదులుగా ఉంచు, పెద్ద చేపను పరుగెత్తనియ్యి. గాలాన్ని ఎన్నడూ ఒంటికి కట్టుకోకు.

ఆ రోజు ఆ మాటలు చెప్పలేదు. బ్రేకును కడదాకా బిగించాడు. కర్రను నైలాన్ తాడుతో నడుంపట్టీకి ముడివేశాడు. తడిస్తే బిగుసుకునే ముడి అది. విప్పడానికి రెండు చేతులు కావాలి.

"గిట్ల కడితే గాలం జారి పడదు."

"మా రూప్లి కట్టిన తాయెత్తు కన్న గట్టిగున్నది భాయ్!" నవ్వాడు రామ్‌సింగ్.

"జేబుల కత్తి ఉన్నదా?"

"ఉన్నది."

"ఇంట్ల పెట్టి పో. వంగినప్పుడు పొడుచుకుంటది. రాతిమడుగు కాడ నాచుబండ మీద నిలబడు. మనిషంత వాలుగలు దాని కిందనే ఉంటయ్."

రామ్‌సింగ్ నవ్వు ఆగిపోయింది.

"ఆడికే పోదామనుకున్న. ఆ మడుగు నాకు ఎరికే."

ఎందుకు ఎరుకో ఫజల్‌కు తెలుసు.

గుమ్మం దగ్గర రామ్‌సింగ్ వెనుదిరిగాడు. "మొదటి చేప ఒకరికి ఇయ్యాల్సి ఉన్నది భాయ్. దువా చెయ్యి."

"చేస్త," అన్నాడు ఫజల్.

మధ్యాహ్నం పైనున్న గుట్టల మీద వాన కురిసింది. వాగు పొంగిందని బస్సు దిగినవారు చెప్పుకొన్నారు. వాలుగ గుంజుతుంది. బ్రేకు వదలదు. నాచు మీద కాలు నిలవదు. తమ్ముడు పోయిన తరువాత ఫజల్ మళ్ళీ ఈ రోజే కడుపునిండా అన్నం తిన్నాడు.

పొద్దు వాలుతుండగా ఒక స్త్రీ వగరుస్తూ దుకాణం ముందు నిలిచింది.

"ఫజల్ భాయ్ నువ్వేనా? నేను రామ్‌సింగ్ ఇంటిదాన్ని, రూప్లిని. మా ఆయన మీ ఇంటికి వచ్చిండా? మొదటి చేప మీ అమ్మ చేతిల పెట్టి వస్త అన్నడు. ఇంకా ఇల్లు చేరలే."

"మా అమ్మ చేతిలనా?" ఫజల్ గుమ్మం దాకా వచ్చాడు. "ఎందుకు?"

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"పోయినోని పేరు చెడుతదని నీకు చెప్పొద్దన్నడు. నా మనసు ఆగుతలేదు, చెప్తున్న. వత్తి ముట్టిచ్చింది మీ సాకిబే భాయ్, ఆ తోటా గుంజుకొని అవతల ఇసిరెయ్యబోతుంటెనే మా ఆయన చెయ్యి పోయింది."

ఈ కథ విన్నవారందరి ఇళ్ళకు, నీటికి వెళ్ళినవారు పొద్దు గుంకకముందే క్షేమంగా తిరిగివత్తురు గాక!