ఎర్ర సోఫా

"అమ్మా, ఆఫీసర్ వచ్చేది మనం నిజంగా లేనివాళ్లమో కాదో చూడ్డానికే" అని కూతురు తల పట్టుకుంది. కాలేజీలో సీటొచ్చింది కానీ, ప్రభుత్వ స్కాలర్‌షిప్పు వస్తేనే చదువు.

"అయితే మాత్రం, ఇంటికొచ్చినాయన్ని నేలమీద కూర్చోబెడతామా? పరువు పోదూ" అంటూ, అప్పుడే దొడ్డిదారిన మోసుకొచ్చిన ఎర్ర సోఫాని దులిపింది బట్టలు కుట్టే తల్లి.

ఆఫీసర్ రానే వచ్చాడు. సోఫాలో కూలబడి, దాని చిరుగుని వేలితో తడిమాడు.

"ఇది మీదేనా అమ్మా?"

"మాదేనండీ, మా పెళ్లినాటిది" అంది తల్లి తడుముకోకుండా.

ఇక స్కాలర్‌షిప్పు హుళక్కే అనుకుంది కూతురు.

"పొద్దున చెప్పులు కుట్టే ఆయనింట్లో అత్తగారు పెట్టిందన్నారు. ఇందాక డ్రైవరింట్లో లాటరీలో తగిలిందన్నారు" అన్నాడు ఆఫీసర్ నింపాదిగా.

తల్లి కొంగుతో ఆ చిరుగుని కప్పబోయింది.

"వీధి మొత్తానికీ ఒకటే సోఫా. ఇంకా చూడ్డానికేముంది?" అంటూ ఆయన దరఖాస్తు మీద సంతకం పెట్టేసి, లేచి చొక్కా చేతులు మడిచాడు.

"నువ్వా పక్క పట్టుకో అమ్మాయ్. తర్వాత ఇస్త్రీ ఆయన ఇల్లు. పాపం, సోఫా ఇంకా రాలేదని కంగారుపడుతుంటాడు."