వదిలెయ్యమనే పట్టీ

రోజూ పొద్దున్నే, అందరి మణికట్టుకీ గడియారంలా ఉండే ఆరోగ్యం పట్టీలు ఒక మంచి మాట చెబుతాయి. నెమ్మదిగా నమలమనో, కాసేపు కళ్లు మూసుకోమనో. కుట్టుమిషను మీద బతికే అచ్చియ్యమ్మకి ఆ మాట వినందే కాఫీ గొంతు దిగదు.

పది రోజులుగా పట్టీ ఒకటే మాట పట్టుకుంది. "ఉన్నది వదిలేస్తేనే మనసు తేలికపడుతుంది." బాగుందనుకుని ఆవిడ పాత చీరలు పంచిపెట్టింది కూడా. కానీ, గోడ జానెడు జరిగిందని పక్కింటివాళ్లతో ఏళ్ల తరబడి పోట్లాడిన మొగుడు సూరిబాబు, ఆ మధ్యాహ్నం అన్నం తింటూ "ఇల్లేముందే, నాలుగు గోడలు" అన్నాడు. ఇది పట్టీ పలికిస్తున్న మాటేనని ఆవిడకి అనుమానం తగిలింది.

కుళాయి దగ్గర వాకబు చేసింది. సందులో అందరికీ అదే మాట. పక్క వీధిలో ఉన్న చెల్లెల్ని అడిగితే, "నన్ను నడుం నిటారుగా పెట్టి కూర్చోమంటోందక్కా" అంది.

మర్నాడు ఒకాయన నవ్వుతూ గుమ్మంలోకి వచ్చాడు. సందు మొత్తం ఏదో కంపెనీ గోదాముకి కావాలట. ఆయన చేతిలోని తెర పలక మీద వేలిముద్ర వేస్తే చాలట, ఇల్లు అమ్మేసినట్టేనట.

సూరిబాబు బొటనవేలు చాపాడు. అచ్చియ్యమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"మా పట్టీల్లో ఆ మాట పెట్టించింది మీరేనా?"

ఆయన నవ్వు చెదరలేదు. "కోపం ఒంటికి మంచిది కాదమ్మా. ఒకసారి గట్టిగా ఊపిరి తీసుకోండి."

ఆవిడ తీసుకుంది. సందు చివరిదాకా వినబడేలా, "ఎవరూ వేలిముద్ర వెయ్యకండీ!" అని కేక పెట్టింది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

సూరిబాబు చాపిన వేలు మెల్లగా ముడుచుకుని, తన పట్టీ వైపు మొదటిసారి అనుమానంగా చూశాడు.