నూట పన్నెండో పేజీ

మూడేళ్లుగా ఎవరూ ఇంటికి తీసుకెళ్లని నవలలను తూకానికి అమ్మేయమని లైబ్రరీకి పై నుంచి కాగితం వచ్చింది. వాటిలో లైబ్రేరియన్ అక్క వాళ్ల నాన్న రాసిన నవల కూడా ఉంది. అక్క మొహం చూడలేక, అక్కడి అభిప్రాయాల పుస్తకంలో ఆ నవల పేరు రాసి, కింద ఒక ముక్క గిలికాను: “ఈ నవలలో నూట పన్నెండో పేజీ మాత్రం పెళ్లాం పక్కన కూర్చుని చదవకండి. ఇట్లు, దర్జీ.”

నిజానికి నేను దాని అట్ట కూడా తిప్పలేదు.

నెల తిరిగేలోగా తొమ్మిది మంది తీసుకెళ్లారు. అక్క నా కొట్టుకే వచ్చింది.

“ఒరేయ్, దానికి ఉన్నవే నూట నాలుగు పేజీలురా!”

“అందరూ నన్ను తిడుతున్నారా అక్కా?”

“నిన్నెందుకు? ముందు తీసుకెళ్లినవాడే చింపేశాడని ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటున్నారు. నాన్న పుస్తకం మాత్రం బతికిపోయింది. ఇదిగో, నువ్వు కూడా చదివి చావు.”

కుడుతున్న చొక్కా పక్కన పడేసి ఏకబిగిన చదివాను. చివర్లో కథానాయిక తలుపు గడియ మీద చెయ్యి వేసింది. బయట ఎవరున్నారో చెప్పకుండానే నవల అయిపోయింది.

“తర్వాతి పేజీ ఏ దరిద్రుడు చింపాడో గానీ, వాడి చేతులు పడిపోనూ!” అని పైకే తిట్టేశాను.