ఒక్క సెకను తేడా

"ఇదే ఆఖరి చుట్టు! భుజాలు బిగించకండి, చేతులు ఊపండి!" పరుగు నేర్పే మాస్టారు మైదానం అవతలి మలుపు నుంచి అరిచారు.

ఇవతల తెల్లగీత దగ్గర ఆవిడ స్టాప్‌వాచ్ మీద బొటనవేలు ఆనించి నిలబడింది. మలుపు తిరిగి మొగుడు వస్తున్నాడు. బనీను తడిసి ముద్దయింది, మొహం ఎర్రగా కందిపోయింది. చూస్తే జాలేసింది గానీ, ఇవాళ భయం మాత్రం వెయ్యలేదు.

మారథాన్ పరుగెత్తేవాళ్లకు ఈ గుండ్రంగా తిరిగే పరుగేమిటని మొదట్లో ఆవిడ నవ్వింది. "దూరం పోవడానికి ఓపికొక్కటే చాలదమ్మా, కాళ్లకు వేగం కూడా అలవాటు కావాలి," అన్నారు మాస్టారు. ఒక చుట్టు ప్రాణం పెట్టి పరుగు, అర చుట్టు నడక, మళ్లీ పరుగు. ఎవరు కాస్త కాలు ఈడ్చినా మాస్టారు అవతల నుంచే కనిపెట్టి దుమ్ము దులిపేస్తారు. ప్రతి చుట్టూ పెట్టిన టైములోపల ముగించినవాళ్లనే క్లబ్బు తరఫున పెద్ద పందేనికి పంపుతారు. ఒక్క సెకను దాటినా వచ్చే వారం మళ్లీ మొదటికే.

ఆయన వారం వారం ఆ ఒక్క సెకనులోనే ఓడిపోతున్నాడు. ఓడిస్తున్నది ఆవిడే.

రైల్వేస్టేషనులో మైకు ముందు కూర్చుని, ఏ బండి ఎంత ఆలస్యమో ఉన్నదున్నట్టు చెప్పే ఉద్యోగం ఆవిడది. అలాంటి మనిషి, వేళకు వచ్చిన మొగుణ్ణి పట్టుకుని ఆలస్యమని ప్రకటిస్తోంది! ఏం చేస్తుంది పాపం? ఆ మధ్య ఆయన ఇదే మైదానంలో గుండె పట్టుకుని కూలబడ్డాడు. గ్యాసు అన్నాడు. ఇంటికొచ్చాక ఆవిడ ఏడ్చి మొత్తుకుంది.

"మీకో దండం, ఈ పరుగు మానెయ్యండి."

"మానేస్తే ఆఫీసులో తలెత్తుకోగలనా? మెడల్ తెచ్చి బల్ల మీద పెడతానని అందరికీ చెప్పేశాను."

"పోనీ డాక్టరుకైనా చూపించుకోండి."

"చూద్దాంలే."

ఆ మరుసటి వారమే, "ఇకనుంచి నా టైం మా ఆవిడ చూస్తుంది," అంటూ ఆయన వాచీ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. నేనే చూస్తానయ్యా అని మాస్టారు అన్నా వినలేదు. అంత నమ్మకం! అది తలుచుకుంటేనే ఆవిడ మనసు చివుక్కుమనేది. మిగతా చుట్లన్నీ నిజమే చెప్పి, ఆఖరి చుట్టుకు మాత్రం ఒకటో రెండో సెకన్లు కలిపేది. "అయ్యో, కొద్దిలో పోయిందే!" అని ఆయన తల కొట్టుకుంటుంటే మొహం పక్కకు తిప్పుకునేది. ఆ పాపం కడుక్కోవడానికి రెండు పూటలా ఆయనకిష్టమైన కూరలే వండేది.

చివరికి నిన్న, రానంటే రానంటున్నా, చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్లింది. డాక్టరు ఒంటినిండా తీగలు తగిలించి, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, కాగితాలన్నీ చూసి నవ్వేశాడు.

"గుండెకేమండీ, గుర్రంలా ఉంది. హాయిగా పరుగెత్తమనండి."

"ఇంకొక్కసారి సరిగ్గా చూడండి డాక్టరుగారూ," అన్నాడు ఆయన, డాక్టరు చెయ్యి పట్టుకుని.

పిచ్చి మనిషి, సంతోషం పట్టలేకపోతున్నాడు అనుకుంది ఆవిడ. తనకైతే ఆ మెట్ల మీదే కూర్చుని బావురుమనాలనిపించింది. ఇన్నాళ్లుగా గుండెల మీదున్న బండ దిగిపోయింది. రాత్రి ఒళ్లెరక్కుండా నిద్రపోయింది.

ఇప్పుడు ఆయన గీత దాటాడు. ఆవిడ వాచీ నొక్కి చూసింది. టైములోపలే! స్టేషనులో మైకు కూడా అక్కర్లేనంత గొంతుతో, ఉన్నదున్నట్టు చదివి వినిపించింది.

"శభాష్! పందేనికి మీ పేరు ఖాయం!" అంటూ మాస్టారు ఈల ఊదారు. తోటివాళ్లంతా మూగి ఆయన భుజాలు చరిచారు. ఆయన గడ్డి మీద చతికిలబడ్డాడు.

అందరూ వెళ్లాక ఆవిడ నీళ్లసీసా అందించి పక్కన కూర్చుంది.

"మీతో ఒకటి చెప్పాలి. తిట్టనంటేనే."

"చెప్పు."

"ఇన్ని వారాలూ మీరు ఓడిపోలేదండీ. మీకేమవుతుందోనని భయమేసి, ఆఖరి చుట్టుకు నేనే సెకన్లు కలిపి చెప్పాను. మీరు నన్ను నమ్మి వాచీ చేతికిచ్చారు, నేనేమో ఇలా..."

చెప్పేసరికి ప్రాణం తేలికపడింది. ఇక ఆయన ఎంత తిట్టినా పడదామనుకుంది.

ఆయన సీసా పక్కన పెట్టి, ఆవిడ వంక దిగులుగా చూశాడు.

"కలుపుతావనే కదే నీకిచ్చింది!"