వెలుతురుకు అడ్డం

"అట్ల కాదు, ఇట్ల!" అని డాక్టర్ వేణుగోపాల్ ఆపరేషన్ టేబుల్ మీదికి వంగి అరిచినాడు.

కుడిచేతికి సిమెంటు కట్టు లేకుంటే ఈపాటికి దారం లాక్కుని తానే ముడేసి ఉండేవాడు. మొన్న రాప్తాడు దగ్గర బండి మీదనుంచి పడినాడు. ఇంకో సర్జను ఊళ్లో లేడు. పగిలిన అపెండిక్సుతో వచ్చిన ముదిగుబ్బ గొర్రెల కాపరి ప్రాణం ఇప్పుడు ఆయన దగ్గర సర్జరీ నేర్చుకుంటాండే ఫిర్దోస్ చేతుల్లో ఉంది.

ముడి మళ్లీ జారింది.

"ఇట్ల అంటే ఎట్ల సార్?"

"ఇట్ల అంటే... ఇట్లనేమ్మా!" ఎడంచేయి గాల్లో తిప్పినాడు. మాట దొరకలేదు. దాంతో ఇంకా మండింది. "మూడేండ్లు నా పక్కనే నిలబడితివే! నేను ముడేసేది ఎన్నిసార్లు చూసింటావు?"

"ఒక్కసారి గూడా చూడలేదు సార్."

"ఏమంటాండావు?"

"మీరు ఇట్లే వంగుతారు. నాకు మీ టోపీ ఒకటే కనపడతాది." ఫిర్దోస్ దారం వదల్లేదు. "ఇప్పుడు గూడా వెలుతురుకు అడ్డం ఉండారు సార్."

వేణుగోపాల్ కిందికి చూసినాడు. కోసిన కడుపు మీద, ఆమె వేళ్ల మీద, తన తల నీడే పడి ఉంది.

వెనక్కి జరిగినాడు. కండ్లు మూసుకుని, ఇన్నేండ్లూ తన వేళ్లు ఏం చేస్తా వచ్చినాయో మొదటిసారి ఆలోచించినాడు.

"దారం పైకి లాగొద్దమ్మా," అన్నాడు మెల్లగా. "చూపుడువేలితో ముడిని కిందికి నెట్టు."

ముడి బిగిసింది.

ఫిర్దోస్ తలెత్తలేదు. "ఇంత మాటకు మూడేండ్లు పట్టిందా సార్?"