ఒకటో నంబరు పెద్దాయన

"పొదిలి అనిల్ కుమార్! ముప్పై ఒకటి."

కాంపౌండర్ అయూబ్ చీటీ చేతిలో పెట్టగానే అనిల్ మెట్ల వైపు నడిచాడు.

"ఎక్కడికి?" అంటూ భార్య లిడియా చొక్కా పట్టుకుంది.

"ముప్పై మంది అయ్యేదాకా కూర్చోవడం నా వల్ల కాదు. పద పోదాం."

గుంటూరులోని ఆ ప్రైవేటు క్లినిక్ పద్ధతే అంత. కుదురుగా కూర్చోలేని జబ్బుకి మందిచ్చే డాక్టరు గారు ముందు మూడు గంటలు కుదురుగా కూర్చోబెడతారు. అనిల్ కుమార్లు ఎక్కువని సొంతూరి పేరు కలిపి పిలుస్తారు.

అనిల్‌ది ఏడీహెచ్‌డీ అని ముప్పై నాలుగేళ్ల వయసులో అనుమానం వచ్చింది. అతనిది మిర్చి యార్డులో టిక్కీల మీద, అంటే మిర్చి బస్తాల మీద, రైతు పేరూ, లాట్ నంబరూ రాసే ఉద్యోగం. ఒకరి టిక్కీల మీద ఇంకొకరి పేరు రాస్తే షావుకారు రెండుసార్లు ఊరుకున్నాడు. మూడోసారి జరిగితే ఇక రావద్దన్నాడు.

బెంచీ మీంచి ఒక పెద్దాయన లేచాడు.

"ఇది తీసుకో బాబూ. ఒకటో నంబరు. నీది నాకివ్వు."

"మరి మీరు?"

"నాకేం తొందర లేదులే."

మాస్కూ, కళ్లద్దాలూ తప్ప ఆయన ముఖం కనబడలేదు. అనిల్‌దీ అంతే. పిచ్చి డాక్టరు దగ్గర తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని అక్కడ అందరూ మాస్కు పెట్టుకునే కూర్చుంటారు.

డాక్టరు గారు పరీక్షలన్నీ చేసి, రోజుకొక మాత్ర రాశారు. పది మిల్లీగ్రాములు.

"డోసు మనిషిని బట్టి ఉంటుందండీ. ఎలా ఉందో మీరు వచ్చి చెబితేనే నేను సర్దగలను."

చెప్పడమే అనిల్‌కి రాదు. రెండు వారాల తర్వాత మళ్లీ పెద్దాయన పుణ్యమా అని ఒకటో నంబరు మీద లోపలికెళ్లాడు. కుర్చీలో కూర్చోగానే బుర్ర ఖాళీ అయిపోయింది.

"ఏం తేడా లేదండీ," అని ఊరుకున్నాడు.

డాక్టరు గారు ఇరవై చేశారు.

ఇక చూడాలి. గుండె దడ, అన్నం సయించదు, కంటిమీద కునుకు లేదు. లిడియా ఏడ్చింది. మూడోసారి క్లినిక్‌కి వచ్చింది మందు మానేస్తానని చెప్పడానికే.

"ఏంటయ్యా, ఇలా చిక్కిపోయావు?" అన్నాడు పెద్దాయన.

"మాత్రలండీ. పీడ వదిలించుకుంటాను."

"మొదటి డోసుకీ అంతేనా?"

"అప్పుడు పొద్దున బానే ఉండేది. మధ్యాహ్నానికి మళ్లీ మామూలే."

"ఆ సంగతి లోపల చెప్పావా?"

అనిల్ నాలిక కరుచుకున్నాడు.

పెద్దాయన జేబులోంచి కాగితం తీశాడు. "నాకు చెప్పు, నేను రాసిస్తాను. కూర్చోనక్కర్లేదు, నడుస్తూనే చెప్పు."

నడుస్తూ చెప్పమన్న మనిషి అనిల్‌కి పుట్టాక తగల్లేదు. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ అన్నీ చెప్పాడు. మాత్ర ఎన్నింటికి వేసుకుంటున్నాడో, టిఫిన్‌కి ముందో తర్వాతో, మనసు ఏ వేళకి చెదురుతోందో పెద్దాయన ఒక్కొక్కటే అడిగి రాశాడు.

"బళ్లో ఎలా ఉండేవాడివి?"

"ఏడో క్లాసు దాకానేనండీ. తర్వాత నన్ను రావద్దన్నారు."

పెన్ను ఆగింది. అనిల్ చూడలేదు. పైన ఊగుతున్న ఫ్యానుని చూస్తున్నాడు.

లోపల డాక్టరు గారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. "నాకు కావాల్సింది ఇదండీ! టిఫిన్ తిన్నాక పది, మధ్యాహ్నం భోజనం చేశాక ఐదు. చూద్దాం."

ఆ డోసు సరిపోయింది. దడ తగ్గింది, ఆకలి వేసింది, నిద్ర పట్టింది. నెల రోజుల్లో ఒక్క టిక్కీ మీద కూడా పేరు తప్పు పడలేదు. రెండు వందల టిక్కీల లాటు వస్తే షావుకారు అనిల్‌నే పిలిచాడు.

తర్వాతి శనివారం అనిల్ పొద్దున ఆరింటికే క్లినిక్ ముందు నిలబడి ఒకటో నంబరు తీసుకున్నాడు. ఈసారి తనే పెద్దాయనకి ఇవ్వాలి. బెంచీ మీద రెండు గంటలు లేవకుండా కూర్చున్నాడు. లిడియా చూస్తే నమ్మేది కాదు.

పెద్దాయన రాలేదు.

"ఆయన రాలేదేం?" అని అయూబ్‌ని అడిగాడు.

"ఇక రారండీ. మొన్న బుధవారం పోయారు. హార్ట్ ఎటాక్."

అనిల్ చేతిలోని చీటీ వంక చూసుకున్నాడు. "అయ్యో... ఆయనది ఏం జబ్బు?"

"ఆయన పేషెంటు కాదండీ. రెండేళ్ల కింద మనవణ్ణి తీసుకొచ్చారు. అది అల్లరి కాదు, జబ్బు అని డాక్టరు గారు చెబితే ఈ బెంచీ మీదే కూర్చుని ఏడ్చారు. 'ఎంతమంది పిల్లల్ని కొట్టానో అయూబూ' అన్నారు. అప్పట్నుంచీ ప్రతి శనివారం ఒకటో నంబరు తీసుకుని, కూర్చోలేక వెళ్లిపోయేవాళ్లకి ఇచ్చేవారు."

అనిల్‌కి కళ్లలో నీళ్లు నిండాయి. ఇన్నాళ్లూ ఆయన పేరైనా అడగలేదు. "మాస్టారా ఆయన? పేరేంటి?"

"మరియదాసు గారండీ. మీ ఊరి వైపే పనిచేశారంట. మీరు బడి సంగతి చెప్పిన రోజే మిమ్మల్ని గుర్తుపట్టారు. చెప్పే ధైర్యం లేదన్నారు."

కుదురుగా కూర్చోవడం లేదని ఏడో తరగతిలో అనిల్‌ని నెల రోజులు ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టి, ఆఖరికి టీసీ రాసి చేతిలో పెట్టిన లెక్కల మాస్టారు ఆయన.