పేరు బిళ్ళలు

"ఏంటండీ మట్టయ్య గారూ, మీ మోదుగకి ఒంట్లో బాగోలేదా?" అన్నాడు త్రినాథరావు పొద్దున్నే, తన చెట్టు ఆకులు నిమురుకుంటూ.

మట్టయ్య బకెట్‌లో నీళ్ళు మొత్తం మోదుగ మొదట్లో ఒంపి, వచ్చేశాడు.

మన నేల చెట్లే మళ్ళీ పెంచాలని ఎల్బీనగర్‌లో ఆ కాలనీ వాళ్ళంతా కలిసి నాలా పక్క జాగాలో నలభై మొక్కలు నాటారు. మొక్కకో రేకు బిళ్ళ, బిళ్ళ మీద నాటినవాళ్ళ పేరు. రెండేళ్ళకు ఎవరి చెట్టు మేలైతే వాళ్ళ పేరు గేటు మీద రాయించాలని అప్పుడే అనుకున్నారు. చూసి చెప్పడానికి అటవీశాఖ మేడం రేపే వస్తోంది.

నల్లగొండ దిక్కు మట్టిలో పుట్టిన మట్టయ్య మోదుగేమో మోకాలెత్తు దాటలేదు. పైగా ఎండలకు పుల్లయింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పుకునే త్రినాథరావు చెట్టు మాత్రం రెండు నిలువుల ఎత్తు లేచి నిగనిగలాడుతోంది. అది గాలికి ఊగినప్పుడల్లా మట్టయ్య కడుపులో మంట.

రాత్రి ముద్ద దిగలేదు. "మనిషిని చూసి కుళ్ళేటోళ్ళను చూసిన గని, చెట్టును చూసి కుళ్ళేటోన్ని నిన్నే చూస్తున్న," అంది భార్య యాదలక్ష్మి. "జర తిను."

తెల్లారి, పాలబండి రాకముందే మట్టయ్య జాగాలోకి దూరాడు. మసక వెలుతురు. కళ్ళద్దాలు తేలేదు. ఏ చెట్టు ఎవరిదో తనకు తెలియంది కాదు. గబగబా తీగలు విప్పి, దీని బిళ్ళ దానికి, దాని బిళ్ళ దీనికి కట్టేశాడు. త్రినాథరావు లొల్లి చేస్తే చేసుకోనీ. బిళ్ళ మీద పేరున్నోనిదే చెట్టు.

పదింటికి అలేఖ్య మేడం వచ్చింది. ఒక్కోటీ చూసుకుంటూ పొడుగు చెట్టు ముందు ఆగింది. మట్టయ్య మీసం సర్దుకున్నాడు. త్రినాథరావు కూడా ఎందుకో హుషారుగానే ఉన్నాడు.

"ఇది మన చెట్టే కాదు, కోనోకార్పస్. నర్సరీ మొక్కల్ల కలిసొచ్చినట్టుంది. పీకెయ్యాలె," అంది మేడం.

తర్వాత మోదుగ ముందు కూర్చుని గోటితో గీకింది. లోపల పచ్చగా ఉంది. "పైన ఎండుతది, కింద వేరు దిగుతది. మోదుగ మొదట్ల గిట్లనే పెరుగుతది. నేను చూసిన వాటిల ఇదే మేలు."

ఆ ముచ్చట మట్టయ్యకు చిన్నప్పటి నుంచి తెలుసు. కుళ్ళు మరిపించింది. గెలిచిన చెట్టును తన చేతులతోనే తీసుకుపోయి పక్కోడికి కట్టబెట్టాడు. ఇప్పుడు నోరు తెరిస్తే దొంగ, తెరవకపోతే గేటు మీద వాడి పేరు.

మేడం మోదుగ బిళ్ళ మీద దుమ్ము తుడిచి చదివింది. "మట్టయ్యంటే ఎవరు?"

మట్టయ్య వంగి బిళ్ళను కళ్ళ దగ్గరకు లాక్కుని చూశాడు. తన పేరే.

"అలా ఎలా అవుద్దండీ," త్రినాథరావు జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. "నిన్న మధ్యాహ్నం పేపర్లో ఈ కోనోకార్పస్ బొమ్మ చూసి, సాయంత్రం వచ్చి బిళ్ళలు మార్చి కట్టింది నేనే కదండీ."